పోకర్‌లో తరుగు: ఎంత కోశారో లెక్కకట్టడం, రావలసింది వెనక్కి తెచ్చుకోవడం

సార్వా మాసూళ్లప్పుడు కళ్లంలో కాటా దగ్గర నిలబడ్డవాళ్లకి తరుగు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బస్తా 75 కేజీలు. నెమ్ముందనో తాలుందనో బస్తాకి కేజీయో రెండు కేజీలో తీసేసి, మిగిలినదానికే డబ్బు కడతారు. మా నాన్న చొక్కా జేబులో చిన్న పుస్తకం ఉండేది. మూడు గడులు గీసేవారు: తూచిన బస్తాలు, పోయిన తరుగు, డబ్బొచ్చిన బస్తాలు. ఈ ఏడు ఎంత పండిందని ఊళ్లో ఎవరడిగినా మూడో గడి చూసే చెప్పేవారు.

పోకర్ అనే పేకాటని ఆడించేవాడు ప్రతి ఆటలో తీసుకునే కమీషన్‌ని రేక్ అంటారు. అది అచ్చంగా తరుగే. అందులో కొంత తిరిగి ఇస్తే దాన్ని రేక్‌బ్యాక్ అంటారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో, 2022, 2023ల్లో, ఈ ఆట డబ్బు పెట్టి ఆడాను. మొదటి ఏడు నెలలూ గెలుస్తున్నాననే అనుకున్నాను. నాన్నలాగా మూడు గడులు గీసిన రోజున తెలిసింది, ఆటగాళ్ల మీద గెలుస్తున్నాను, తరుగు దగ్గర ఓడుతున్నాను అని. ఆ గడులు ఎలా గీయాలో, రావలసింది ఎలా రాబట్టాలో వరసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చట్టం

ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందాలను నిషేధించారు. ఆడించేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకీ ఆరు నెలల వరకు జైలు అని అప్పుడే ప్రకటించారు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. ఆపైన 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా ఆ చట్టంలో లేదు. డబ్బు కట్టి, డబ్బు వస్తుందని ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. ఆడించేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు గానీ, మన రాష్ట్ర చట్టంలో ఉందని మరిచిపోకండి.

మన గోదావరి వైపు ఇంకో మాట వినపడుతుంది: యానాం వెళ్లి ఆడితే సరి, అది పుదుచ్చేరి కదా అని. రాష్ట్ర చట్టం వరకు ఆ మాట చెల్లేదేమో. కేంద్ర చట్టానికి గౌతమి ఇవతలి ఒడ్డూ అవతలి ఒడ్డూ ఒకటే.

అందుకని ఈ రాతను ఇద్దరి కోసం రాస్తున్నాను. ఒకరు, ఇక్కడే ఉండి, ఇదివరకు ఆడి, యాప్‌లోనో పన్నులోనో డబ్బు ఇరుక్కుపోయినవారు. మీకు పనికొచ్చేవి చివరి రెండు భాగాలు, కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లండి. రెండోవారు, లైసెన్సు ఉన్న చోట ఆడుతున్నవారు. అమెరికాలో న్యూజెర్సీ, నెవాడా, పెన్సిల్వేనియా, మిచిగన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం, బ్రిటన్‌లోనూ అంతే. పాలకొల్లు, భీమవరం, అమలాపురం నుంచి అటు వెళ్లిన పిల్లలు తక్కువేం కాదు. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల మాత్రం ఆ లైసెన్సులు లేవు. కాబట్టి మీరున్న రాష్ట్రం ఏదో చూసుకున్నాకే మిగతా మాట.

కోత ఎక్కడెక్కడ పడుతుంది

మామూలు బల్ల మీద, పాట్‌లో, అంటే ఒక ఆటలో అందరూ వేసిన పందేలు పోగైన డబ్బులో, 5 శాతం దాకా తీస్తారు. ఒక ఆటలో ఇంతకు మించి తీయం అని గరిష్ఠ పరిమితి ఉంటుంది. చాలాచోట్ల ఫ్లాప్, అంటే బల్ల మీది మొదటి మూడు ముక్కలు పడకుండా ఆట ముగిసిపోతే కోత ఉండదు. ఈ ఒక్క ముక్కని బాగా గుర్తుపెట్టుకోండి, ఆట ఎలా ఆడాలో చెప్పేటప్పుడు ఇక్కడికే మళ్లీ వస్తాం.

పరిమితి వల్ల ఒక అన్యాయం జరుగుతుంది. చిన్న బల్ల మీద పాట్ చాలావరకు ఆ పరిమితి దాకా పెరగదు, కాబట్టి ఐదు శాతం పూర్తిగా పోతుంది. పెద్ద బల్ల మీద పరిమితి త్వరగా తగులుతుంది, అక్కడ కోత శాతం తగ్గుతుంది. అంటే నూరు రూపాయలతో ఆడే కుర్రాడు లక్షతో ఆడేవాడి కంటే ఎక్కువ వంతు కడుతున్నాడు. కౌలు రైతుకీ ఆసామికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది.

టోర్నమెంటు అయితే ప్రవేశ రుసుము పక్కనే రాసి ఉంటుంది: 500+50 అని. 500 బహుమతుల్లోకి, 50 వాళ్ల జేబులోకి. ఓడి మళ్లీ కొనుక్కుని లోపలికి వస్తే చాలాచోట్ల ఆ యాభై మళ్లీ పోతుంది. కొన్ని బల్లల మీద జాక్‌పాట్ పేరుతో ఇంకో రూపాయో రెండో విడిగా తీస్తారు. అది రేక్ లెక్కలో కనపడదు, రేక్‌బ్యాక్ కూడా దాని మీద రాదు.

మీ మూడు గడులు మీరే గీసుకోండి

ఆడిన ప్రతి ఆట వివరం, హ్యాండ్ హిస్టరీ అంటారు, చాలా సైట్లలో దింపుకోవచ్చు. పోకర్‌ట్రాకర్ లాంటి ప్రోగ్రాములో వేస్తే అదే లెక్కకడుతుంది. అదేం లేకపోయినా నోటు పుస్తకం చాలు. రాయవలసినవి ఇవే: ఎన్ని ఆటలు ఆడారు, చేతికొచ్చిన లాభనష్టం ఎంత, మీ వంతు రేక్ ఎంత. లాభనష్టానికి రేక్ కలిపితే తోటి ఆటగాళ్ల మీద మీరు నిజంగా ఎంత గెలిచారో తేలుతుంది.

ప్రతి ఆటలో ముందుగా ఇద్దరు తప్పనిసరిగా వేయవలసిన పందేలని బ్లైండ్లు అంటారు, చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్. రూపాయల్లో కాకుండా బిగ్ బ్లైండ్లలో, ప్రతి వంద ఆటలకీ ఇంత అని రాయండి. అప్పుడే చిన్న బల్లనీ పెద్ద బల్లనీ పక్కపక్కన పెట్టి చూడగలరు. ఉదాహరణకి 5, 10 రూపాయల బ్లైండ్ల బల్ల మీద వెయ్యి ఆటలు ఆడారనుకోండి. మీ వంతు రేక్ 800 రూపాయలు అయింది. పది రూపాయల బిగ్ బ్లైండ్‌తో భాగిస్తే 80. అంటే వంద ఆటలకి 8 బ్లైండ్లు తరుగు. అదే వెయ్యి ఆటల్లో తోటి ఆటగాళ్ల దగ్గర వందకి 5 బ్లైండ్ల చొప్పున గెలిచారనుకుందాం, అది మంచి ఆటే. చివరికి చేతిలో మిగిలింది వందకి 3 బ్లైండ్ల నష్టం. బల్ల మీద అందరికంటే బాగా ఆడినవాడు కూడా 300 రూపాయలు పోగొట్టుకుని లేచాడు.

రేక్‌బ్యాక్ 30 శాతం ఉందనుకోండి. 800లో 240 తిరిగొస్తుంది, అంటే 2.4 బ్లైండ్లు. మైనస్ 3 కాస్తా మైనస్ 0.6 అయింది. ఇంకా నష్టమే. రేక్‌బ్యాక్ గురించి నేను చెప్పదలచుకున్నది దాదాపు ఈ లెక్కలోనే ఉంది: అది బహుమతి కాదు, మీ దగ్గర కోసిందాంట్లో కొంత. ఎక్కువ తిరిగి ఇచ్చే చోటు కాదు, తక్కువ కోసే చోటు వెతుక్కోండి. 5 శాతం కోసి 30 ఇచ్చేవాడి కంటే, అంతే పరిమితితో 3 శాతమే కోసి ఏమీ ఇవ్వనివాడు నయం. మొదటివాడి దగ్గర నికరంగా పోయేది మూడున్నర శాతం, రెండోవాడి దగ్గర మూడు.

ఇంకొకటి. పోకర్‌లో అదృష్టం ఊపు చాలా పెద్దది. పదివేల ఆటలు ఆడినా, వందకి తొమ్మిది పది బ్లైండ్లు అటో ఇటో కేవలం ముక్కలు పడిన తీరు వల్లే మారిపోవచ్చు. గెలుపు మీది అని నమ్మడానికి పదివేల ఆటలు చాలవు. తరుగు మాత్రం మొదటి వంద ఆటల నుంచే మొదలై ఒక్క నెల కూడా తప్పకుండా పడుతుంది. తెలియని దాన్ని పట్టుకుని ఊగిసలాడటం కంటే తెలిసినదాన్ని తగ్గించుకోవడం మన చేతిలో పని.

రేక్‌బ్యాక్ అడిగేటప్పుడు చూడవలసినవి

మీ వంతు రేక్ అని ఏ పద్ధతిలో లెక్కేస్తున్నారో ముందు అడగండి. పాట్ వెయ్యి రూపాయలు, రేక్ 50, బల్ల మీద ఆరుగురు అనుకుందాం. ముక్కలు పంచిన అందరికీ సమానంగా పంచే పద్ధతిలో మీ ఖాతాలో 8 రూపాయల చిల్లర పడుతుంది, మీరు ముక్కలు పారేసినా సరే. పెట్టినదాన్ని బట్టి పంచే పద్ధతిలో, ఆ వెయ్యిలో మీరు పెట్టింది 300 అయితే 15 పడుతుంది, ఏమీ పెట్టకపోతే సున్నా. ఎంచి ఆడే ఆటగాడికి మొదటిది లాభం, ప్రతిదాంట్లో వేలుపెట్టేవాడికి రెండోది లాభం. ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది రెండోదే.

తరవాత, శాతం దేని మీద అన్నది. మొత్తం రేక్ మీదా, బోనస్‌లు తీసేశాక మిగిలినదాని మీదా? నెలకి 12,000 రేక్ కట్టారు, 3,000 బోనస్ ఇచ్చినట్టు చూపించారు. అప్పుడు 30 శాతం అన్నది 9,000 మీదే లెక్క, 3,600 రావలసిన చోట 2,700 వస్తుంది. బోనస్ నిజంగా చేతికొచ్చి ఉంటే అందులో తప్పులేదు. నాకు ఒక నెల ఏం జరిగిందంటే, విడుదల కాకుండానే గడువు తీరిపోయిన బోనస్‌ని కూడా ఇచ్చినట్టే చూపించి కోసేశారు. ఆటల వారీ లెక్క జతచేసి మూడు ఉత్తరాలు రాస్తే సరిచేశారు. లెక్క దగ్గర లేకపోయి ఉంటే అడగడానికి నోరు కూడా వచ్చేది కాదు.

మెట్ల పథకాలు, అంటే ఎక్కువ ఆడినకొద్దీ పై మెట్టు ఎక్కించేవి, వీటి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక నెలాఖరు రాత్రి పై మెట్టుకి కొన్ని పాయింట్లు తక్కువయ్యాయని రెండు బల్లలు తెరిచి తెల్లవారుజామున నాలుగింటి దాకా కూర్చున్నాను. మెట్టు ఎక్కితే వచ్చేది 1,500. ఆ రాత్రి ఒక్కదానికే నేను కట్టిన రేక్ నాలుగు వేలు దాటింది. ఆఫీసు బస్సులో లెక్క వేసుకుంటే కడుపులో తిప్పింది. మీ మామూలు ఆటకి ఏ మెట్టు వస్తుందో దాన్నే లెక్కలోకి తీసుకోండి, పై మెట్టు అసలు లేదనుకోండి.

ఆడే తీరులోనే తరుగు తగ్గించడం

తిరిగి రాబట్టేదానికంటే కట్టకుండా తప్పించుకునేది ఎప్పుడూ ఎక్కువ. ఫ్లాప్ పడకపోతే కోత లేదన్నాం కదా. కాబట్టి ఆడదగ్గ ముక్కలొస్తే ఊరికే కాల్ చేసి, అంటే ఉన్న పందేనికి సరిపడా వేసి, లోపలికి రావద్దు, రైజ్ చేసి, అంటే పందెం పెంచి, రండి. అందరూ పారేస్తే బ్లైండ్లు పూర్తిగా మీవి, పైసా తరుగు లేదు. ఐదుగురు కాల్ చేసి చూసే పాట్‌లో చిన్నదో పెద్దదో కోత ఖాయం, పైగా మీ జత నిలబడే అవకాశమూ తక్కువ.

స్మాల్ బ్లైండ్‌లో కూర్చున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎలాగూ సగం పెట్టేశాను కదా, ఇంకొంచెం వేస్తే ఏం పోయింది అనిపిస్తుంది. ఫ్లాప్ తరవాత ప్రతి దఫా అందరికంటే ముందు మాట్లాడవలసింది మీరే, ఎదుటివాళ్లు ఏం చేస్తారో తెలియకుండా. పైన కోత కూడా. అక్కడి నుంచి ఎవరైనా రైజ్ చేస్తే మళ్లీ రైజ్ చేయడమో పారేయడమో, రెండే దారులని పెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. డీలర్ గుండీ మీ ముందున్నప్పుడు, అందరి తరవాత మాట్లాడే చోట, చెయ్యి కాస్త వదులు చేసుకోవచ్చు.

కాల్ చేసే లెక్కలో కోతని ఎలా కలపాలో ఒక్క ఆటని దగ్గరగా చూద్దాం. మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. బల్ల మీద పడవలసిన ఐదింట్లో నాలుగు ముక్కలు పడ్డాయి: ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, డైమన్ రాణి, ఆఠీను ఆరు. ఎదుటివాడి దగ్గర ఆఠీను ఆసు, ఆఠీను రాజు ఉన్నాయని అతని ఆట తీరు చెబుతోంది, అంటే ప్రస్తుతం రాజుల జతతో అతనే ముందున్నాడు. పాట్ 540 ఉంది. అతను తన దగ్గరున్న ఆఖరి 300 వేశాడు. మీరు ఇంకో 300 వేస్తే పాట్ 1,140 అవుతుంది.

మిమ్మల్ని గెలిపించే ముక్కలు ఎన్ని? ఇంకో ఇస్పేటు పడితే ఒకే రంగు ముక్కలు ఐదై అతని జతని కొట్టేస్తాయి, మిగిలిన ఇస్పేట్లు తొమ్మిది. ఆసు, రాజు, రాణి, పదికి మధ్యలో జాకీ పడితే వరస కుదురుతుంది. జాకీలు నాలుగు, అందులో ఇస్పేటు జాకీని ఇందాకే లెక్కపెట్టాం, కొత్తగా కలిసేవి మూడు. మొత్తం పన్నెండు. మీవి రెండు, బల్ల మీవి నాలుగు, అతనివనుకున్నవి రెండు పోగా మిగిలిన ముక్కలు 44. పన్నెండుని 44తో భాగిస్తే 27.3 శాతం.

కోత లేకపోతే 300 పెట్టి 1,140 కోసం ఆడుతున్నారు, 26.3 శాతం చాలు. మీకు 27.3 ఉంది, కాల్ చేయాలి. ఇలా పదేపదే ఆడితే సగటున ఆటకి 11 రూపాయలు మిగులుతాయి. ఇప్పుడు 5 శాతం, అంటే 57 తీసేయండి. గెలిచినా మీకొచ్చేది 1,083. దానికి కావలసింది 27.7 శాతం. అదే చెయ్యి, అదే బల్ల, అదే ఎదుటివాడు, ఇప్పుడు సగటున ఆటకి నాలుగున్నర రూపాయల పైనే నష్టం. పారేయాలి. పుస్తకాల్లోని పాట్ లెక్కలు చాలావరకు కోత లేదనుకుని చెప్పినవి. గీత మీద ఉన్న కాల్ ఏదైనా కోత కలిపాక గీత కిందికి జారిపోతుంది.

ఇది వంటబట్టడానికి డబ్బు పెట్టక్కర్లేదు. సెలవుల్లో మా అరుగు మీద పిల్లలకి నేను నేర్పేది చింతపిక్కలతోనే. తలా వంద పిక్కలు, ప్రతి పాట్ నుంచీ ఇరవైకి ఒకటి చొప్పున తీసి పక్కన సీనారేకు డబ్బాలో వేస్తాను, పెద్ద పాట్ అయినా ఐదుకి మించి తీయను. సాయంత్రానికి ఆ డబ్బా బరువెక్కి, అందరి ముందూ కుప్పలు తగ్గిపోయి ఉంటాయి. మా అన్నయ్య కొడుకు రెండో రోజునే అడిగాడు, బాబాయ్, డబ్బానే కదా ఎప్పుడూ గెలుస్తోంది అని. నాకు అర్థమవడానికి ఏడు నెలలు పట్టింది.

చేతిలో ఆడే డబ్బు గురించి ఒక్క మాటే చెబుతాను. మన ఇళ్లలో డబ్బు నెల నెలా రాదు, సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి, చెరువు పట్టినప్పుడు ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు చాలా ఉన్నట్టు కనపడుతుంది. అందులో ఎరువుల కొట్టు బాకీ, కౌలు, మేత బాకీ ముందే ఉంటాయి. విదేశంలో ఉన్న పిల్లలు పంపే డబ్బైనా అంతే. ఆ డబ్బుతో ఆడకండి. పోయినదాన్ని రాబట్టాలని అప్పు యాప్‌ల దాకా వెళ్లినవారు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే 14416కి ఫోన్ చేయించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

యాప్‌లో మిగిలిపోయిన డబ్బు

2025 ఆగస్టులో డబ్బు ఆటలు ఆపేసిన కంపెనీలు ఖాతాలో ఉన్నది వెనక్కి తీసుకోవచ్చని చెప్పాయి. ఇంకా తీసుకోకపోతే ఇవాళే చేయండి. యాప్‌లో బ్యాలెన్స్ రెండు మూడు రకాలుగా విడిపోయి ఉంటుంది: మీరు వేసినది, గెలిచినది, బోనస్. మొదటి రెండూ మీవి. బోనస్, పాయింట్లు షరతులను బట్టి ఉంటాయి, రేక్‌బ్యాక్ పాయింట్లను నగదుగా మార్చే మీట ఏదైనా ఉంటే ముందు అది నొక్కండి.

ఎక్కువగా డబ్బు ఆగేది పేరు దగ్గర. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో చివర, ఆధార్‌లో పొడి అక్షరం. ఈ మూడూ కలవకపోతే డబ్బు తిరిగి యాప్‌కే వెళ్లిపోతుంది. ముందు బ్యాంకులో పేరు సరిచేయించుకుని తరవాత అడగడం తేలిక. అడిగిన ప్రతిసారీ తెర ఫొటో తీసి, ఫిర్యాదు సంఖ్య, తేదీ రాసిపెట్టుకోండి. బదులు లేకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్, ఆపైన జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

నకిలీ లొకేషన్ పెట్టి మన జిల్లాల నుంచి ఆడినవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. షరతుల్లో దానికి ఖాతా మూసేస్తామని రాసి ఉంటుంది. అలాంటి ఖాతా అయితే వివరంగా కథలు రాయకుండా, వేసిన డబ్బు వెనక్కి ఇవ్వమని మాత్రమే మర్యాదగా అడగండి, అబద్ధం మాత్రం చెప్పకండి.

ఈ సందట్లోనే ఫోన్లు వస్తాయి. మీ డబ్బు మేం రాబట్టి పెడతాం, ముందు ఐదు వందలు కట్టండి అని. లేదా, ఫలానా యాప్‌లో క్లబ్బు నడుపుతున్నాం, చిప్స్ నా దగ్గరే కొనండి, సగం రేక్ వెనక్కి ఇస్తా అని. సంక్రాంతి బరుల దగ్గర గుండాట బల్ల వేసేవాడు కనీసం కళ్లముందు ఉంటాడు. ఈ ఏజెంటు దగ్గర ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండదు. డబ్బు అతని చేతిలో, లెక్క అతని చేతిలో. ఆ ఆట చట్టవిరుద్ధం కాబట్టి మీరు ఎవరి దగ్గరికీ వెళ్లి గట్టిగా అడగలేరు కూడా. ఓటీపీ చెప్పి మోసపోయి ఉంటే గంటలోపే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పన్నుగా కోసినదాంట్లో వెనక్కి వచ్చేది

చాలామంది దీన్ని వదిలేస్తున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసే పన్ను, మొదలైంది. డబ్బు బయటికి తీసినప్పుడు కోస్తారు, తీయకపోతే మార్చి 31న లెక్కగట్టి కోస్తారు. బోనస్‌లు, రేక్‌బ్యాక్ లాంటివి మీరు వేసిన డబ్బు కింద లెక్కకి రావు, కాబట్టి అవి బయటికి తీస్తే వాటి మీదా పన్ను పడుతుంది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, వేసిన డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. వెయ్యి వేస్తే 218 రూపాయల 75 పైసలు పన్ను. ఆ జీఎస్టీ తిరిగి రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. తిరిగి వచ్చే అవకాశం ఉన్నది టీడీఎస్‌లోనే.

ఎలాగంటే: ఏప్రిల్‌లో 10,000 వేశారు. జూన్‌లో 18,000 బయటికి తీశారు. నికర గెలుపు 8,000, దాని మీద 2,400 కోశారు. జూలైలో మళ్లీ 6,000 వేసి అంతా పోగొట్టుకున్నారు. ఏడాది మొత్తానికి చూస్తే వేసింది 16,000, తీసింది 18,000, నికరం 2,000 మాత్రమే. దాని మీద పన్ను 600, నాలుగు శాతం సెస్సుతో 624. కోసింది 2,400 కాబట్టి 1,776 మీకు రావాలి. కంపెనీ దాన్ని వెనక్కి ఇవ్వదు. రిటర్ను వేసి అడిగితేనే వస్తుంది.

ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ 26ఏఎస్, ఏఐఎస్ దింపుకుని ఎవరు ఎంత కోశారో చూడండి. కంపెనీని ఫారం 16ఏ, ఏడాది మొత్తం జమాఖర్చు పట్టీ అడగండి. ఐటీఆర్-1 దీనికి పనికిరాదు. జీతగాడైతే ఐటీఆర్-2లో, ఇతర ఆదాయాల కింద, 115బీబీజే వరసలో చూపించాలి. మీ మిగతా ఆదాయం పన్ను పరిమితికి లోపే ఉన్నా ఈ గెలుపు మీద 30 శాతం తప్పదు, కాబట్టి మొత్తం 2,400 వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

గడువు జూలై 31. దాటితే ఆలస్య రుసుముతో డిసెంబరు 31 దాకా వేయొచ్చు. ఆ తరవాత వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండు అడగడం కుదరదు. పాత ఏడాదిది మిగిలిపోతే ఆలస్యాన్ని మన్నించమని వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేళ్లలోపు. కారణం సరైనదైతేనే ఒప్పుకుంటారు. అలా దరఖాస్తు పెట్టవలసి వస్తే మాత్రం ఊళ్లో ఆడిటర్ దగ్గర కూర్చుని చేయించుకోండి.

రిటర్ను వేశాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. తరవాత రీఫండు పడే బ్యాంకు ఖాతా. మన వైపు సగం ఇళ్లలో ఉన్నవి పాత ఆంధ్రా బ్యాంకు పుస్తకాలు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. పుస్తకం అట్ట మీద ఉన్న పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌నే వెబ్‌సైట్‌లో రాసి వదిలేస్తే రీఫండు వెనక్కి తిరిగిపోతుంది. బ్యాంకుకి వెళ్లి కొత్త కోడ్ రాయించుకుని, వెబ్‌సైట్‌లో ఆ ఖాతాని ధ్రువీకరించి, ఆగిన రీఫండుని మళ్లీ పంపమని అక్కడే అడగండి.